పర్వాలేదుకు గడి లేదు

సభకు పెద్దగా కూర్చున్న సూపరింటెండెంటుగారికి, నా పక్కన కూర్చుని నాకంటే ఎక్కువ ఇబ్బందిపడుతున్న మా పెద్ద డాక్టరుగారికి, పెద్ద సిస్టరమ్మకి, డ్రిప్పు గది, వంటగది, కుట్టు గది, ఫైళ్ళ గది వాళ్ళందరికీ, పని మధ్యలో వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయిన ఆయాలకి, వెనక వరసల్లో ఉన్న తల్లిదండ్రులకి, వాళ్ళ పిల్లలకి, మొదటి వరసలో కూర్చుని నేనేం పరువు తీస్తానో అని కళ్ళు చిట్లించి చూస్తున్న మా ఆవిడకి, నమస్కారం.

మా ఆవిడ మొన్న అడిగింది, "పెళ్ళయిననాటినుంచి నాతో మాట్లాడినదంతా కలిపినా పావుగంట రాదు, అక్కడ అంతసేపు ఏం మాట్లాడతారు?" అని. (నవ్వులు) అందుకే రాసుకొచ్చాను. కాగితం చూసి చదువుతున్నందుకు ఏమీ అనుకోకండి. చూడకుండా మాట్లాడితే మధ్యలో ఆగిపోతాను, ఆగితే మళ్ళీ మొదలుపెట్టను. నా సంగతి నాకు తెలుసు.

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళందరూ నన్ను మెచ్చుకున్నారు. డైటు మేడమ్‌గారు నన్ను గోడగడియారంతో పోల్చారు. పోలీసక్క, అంటే మన డ్రిప్పు గది సిస్టరుగారు, పిల్లలు పెట్టిన పేరు కాబట్టి ఆవిడేమీ అనుకోరు... ("అనుకుంటాను!" అని హాల్లోంచి సిస్టరుగారి గొంతు. నవ్వులు.) అనుకుంటారట, క్షమించాలి, ఆవిడ నా చేతిరాత అచ్చులా ఉంటుందన్నారు. ఇంకాసేపట్లో నాకు ఇవ్వబోయే జ్ఞాపిక ఆఫీసు గదిలో బల్లమీద ఉంటే పొద్దున చూశాను. "ముప్ఫై మూడేళ్ళ తప్పులేని సేవ" అని చెక్కించారు. దాన్ని చేతిలోకి తీసుకునే ముందు మీకు చెప్పవలసిన మాట ఒకటుంది, ఈ కాగితాలన్నీ అందుకే.

నేను ఇక్కడ చేరింది స్ట్రెచర్లు తోసే పనికి. బడి ముఖం చూసింది నాలుగేళ్ళు. ఇంగ్లీషు అక్షరాలు మందుపెట్టెల మీద చూసి నేర్చుకున్నాను, అందుకే నాకు చాలాకాలం వరకూ జబ్బుల పేర్లకంటే కంపెనీల పేర్లే బాగా వచ్చేవి. (నవ్వులు) తర్వాత తూకం దగ్గర కూర్చోబెట్టారు. పిల్లల బరువు చూడ్డం, పొడుగు కొలవడం, "ఎలా ఉన్నావు?" అని అడిగి ఫారం నింపడం. అక్కణ్ణుంచి నేను తూకం మాస్టారినయ్యాను. ఫారం ఆస్పత్రిది. అది కాక నాకొక సొంత నోటుపుస్తకం ఉండేది, ఎవరూ రాయమనలేదు, రోజుకొక పేజీ. ఏ పిల్ల వచ్చింది, ఎంత బరువు, ఎంత పొడుగు, ఏమంది. అన్నమాట అన్నట్టే రాసేవాణ్ణి, ఎందుకంటే చదువు లేనివాడికి మాట మార్చి రాసే ధైర్యం ఉండదు. అలాంటివి నలభై ఒక్క పుస్తకాలయ్యాయి.

బయటినుంచి వచ్చిన మా బంధువులకోసం ఈ విభాగం గురించి రెండు మాటలు చెప్పాలి. మా బావగారు ఇప్పటికీ నేను మందుల షాపులో చేస్తున్నాననే అనుకుంటారు. (నవ్వులు) బావగారూ, ఇక్కడికి వచ్చేది పేగుల్లో వాపుతో వచ్చే పిల్లలు. పేగు లోపల పుండ్లు పడతాయి, నొప్పి, రక్తవిరేచనాలు, తిన్నది ఒంటికి పట్టదు. ఒకసారి వచ్చి పోయే జబ్బు కాదు. తగ్గినట్టే కనిపిస్తూ లోపల మేస్తూ ఉంటుంది. పెరిగే వయసులో వస్తుంది కాబట్టి పెరుగుదలనే తినేస్తుంది.

దీనికి మొదట్లో ఏం చెయ్యాలన్నదే డాక్టర్ల మధ్య పెద్ద వాదన. ఒకటి మెట్ల దారి. ఆరువారాలపాటు మామూలు తిండి మాన్పించి డబ్బాపొడి కలిపిన ద్రవం ఒక్కటే తాగించడమో, స్టెరాయిడ్ మాత్రలో మొదటి మెట్టు, తర్వాత వాపు అణిచే మాత్రలు, అప్పటికీ లొంగకపోతే డ్రిప్పులో ఎక్కించే గట్టి మందు. రెండో దారిలో, జబ్బు ముదిరేలా కనిపించిన పిల్లలకి ఆ గట్టి మందే ముందు ఇచ్చేస్తారు. గట్టి మందుకి భయాలున్నాయి, ఒంట్లో కాపుదల తగ్గి ఇంకో రోగం దూరడానికి సందు దొరుకుతుంది. మెట్ల దారికీ భయముంది, మెట్లెక్కేలోగా పేగు పాడైపోవచ్చు. ఏది మంచిదో నేను చెప్పను. నేను డాక్టర్ని కాను, తూకం వేసేవాణ్ణి.

ఆరేళ్ళ కిందట పెద్ద డాక్టరుగారు ఈ వాదన మన ఆస్పత్రివరకైనా తేల్చాలని మూడేళ్ళ ఫైళ్ళు తీయించారు. మెట్ల దారిన నడిచిన పిల్లలు నూట పద్దెనిమిది మంది, ముందే గట్టి మందు పడినవాళ్ళు అరవై నాలుగు మంది. ఏడాది తిరిగేసరికి ఎవరు బాగున్నారని చూశారు. మెట్ల దారిన నూటికి అరవై, గట్టి మందుతో నూటికి అరవై రెండు. దాదాపు సమానం. సమానమైనప్పుడు భయమున్న మందు ముందుగా ఎందుకని, ఆ రోజునుంచి అందరికీ మెట్ల దారే అని నిర్ణయమైంది. ఆ కాగితం కింద సాయం చేసినవాళ్ళలో నా పేరు కూడా అచ్చువేయించారు సార్. ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకి చూపించాను. జీవితంలో అచ్చులో నా పేరు పడ్డది ఆ ఒక్కసారే.

ఆ లెక్కలో బాగున్నారు అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు చెబుతాను.

ఫారంలో మూడు గడులుంటాయి. బాగుంది, అలాగే ఉంది, బాగాలేదు. పిల్లని అడిగి ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. మన పిల్లలు ఏమంటారో మీకందరికీ తెలుసు. సగంమంది "పర్వాలేదు" అంటారు. మొదటిరోజే ఒక పాప ఆ మాటంది. దానికి గడి లేదు. నేను ఎవరినైనా అడగాల్సింది. ఆ పక్కగదిలోనే చిన్న డాక్టరుగారు ఖాళీగా ఉన్నారు. లేచి వెళ్ళి "సార్, పర్వాలేదు అంటే ఏ గడి?" అని అడగడానికి ఎంతసేపు? కానీ ఈమాత్రం తెలియదా అంటారేమోనని సిగ్గుపడ్డాను. పర్వాలేదంటే బాగున్నట్టేగా అని నాకు నేనే చెప్పుకుని "బాగుంది"లో టిక్కు పెట్టాను. ఆ తర్వాత అన్నేళ్ళూ అలాగే పెట్టాను.

గట్టి మందు పిల్లల ఫారాలు నా దగ్గర నిండవు. వాళ్ళు డ్రిప్పు గదిలో మూడునాలుగు గంటలు కూర్చుంటారు కాబట్టి వాళ్ళవి పోలీసక్క నింపేవారు. ఆవిడ దగ్గర పర్వాలేదు చెల్లదు. "పర్వాలేదంటే ఏంట్రా? నిన్న ఎన్నిసార్లు వెళ్ళావు? రాత్రి లేచావా? రక్తం పడిందా? నీళ్ళు నములుతావేం, అమ్మ వైపు చూడకు, నా వైపు చూసి చెప్పు!" (నవ్వులు) నవ్వకండి. ఆవిడ చేసిందే సరైన పని. ఆవిడ ఫారంలో బాగాలేని పిల్ల బాగాలేదనే పడింది. నా ఫారంలో బాగాలేని పిల్ల బాగుందని పడింది. ఆ రెండు రకాల ఫారాలనీ పక్కపక్కన పెట్టి సమానం అన్నారు.

ఇప్పుడొక పిల్ల గురించి చెప్పాలి. చెప్పడానికి వాళ్ళమ్మగారి అనుమతి తీసుకున్నాను. ఆవిడ మనలో మనిషే. పదకొండేళ్ళుగా కుట్టు గదిలో పనిచేస్తున్నారు, ఈ వార్డులో పిల్లలు తొడుక్కునే ప్రతి గౌనూ ఆవిడ చేతిమీదుగా వచ్చిందే. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్నారు. "చెప్పండి మాస్టారూ, కానీ దాన్ని పాపం అనకండి, అది ఎవరి దగ్గరా జాలి పుచ్చుకునేది కాదు" అన్నారు. అనను.

ఆ పిల్లని మేమందరం లాయరమ్మ అనేవాళ్ళం. పదేళ్ళప్పుడు వచ్చింది. మొదటిరోజే తూకం ఎక్కేముందు పేచీ.

"చెప్పులు విప్పు తల్లీ."

"విప్పితే బరువు తగ్గుతుంది, పొడుగూ తగ్గుతుంది. రెండువైపులా నాకే నష్టమా?"

"రూలు తల్లీ."

"ఎవరు పెట్టారు? కాగితం చూపించండి."

(నవ్వులు)

డబ్బాపొడి ద్రవం తాగించిన ఆరువారాలూ డైటు మేడమ్‌గారితో రోజూ విచారణే. "మేడమ్, మీరొక గ్లాసు తాగి చూపిస్తే నేను రెండు తాగుతాను." మేడమ్‌గారు తాగారు. (డైటు మేడమ్‌గారు తల ఊపుతున్నారు) తాగాక మేడమ్‌గారి ముఖం చూసి, "సరేలెండి, శిక్ష మీకూ పడింది" అని తనూ ముక్కు మూసుకుని తాగేసింది. తర్వాత స్టెరాయిడ్ మాత్రలు. బుగ్గలు ఉబ్బాయి, బరువు పెరిగింది. నేను తూకం చూసి మురిసిపోయాను. పొడుగు మాత్రం పెరగలేదు. రెండేళ్ళ నాలుగు నెలల్లో ఒకటిన్నర సెంటీమీటరు. ఆ అంకె కూడా ఫారం మీద నేనే రాశాను, కానీ అది కింద మూలన ఉంటుంది. టిక్కు పైన ఉంటుంది. రోజుకి అరవైమంది పిల్లల్ని చూసే డాక్టరు రక్తపరీక్ష కాస్త అటూ ఇటూగా ఉన్నా పైన టిక్కు చూస్తారు, ఉబ్బిన బుగ్గలు చూస్తారు, "ఇదే మెట్టుమీద ఉంచండి" అంటారు. ఆ పిల్ల పద్నాలుగుసార్లు వచ్చింది. పద్నాలుగుసార్లూ పర్వాలేదంది. పద్నాలుగుసార్లూ నేను బాగుందిలో టిక్కు పెట్టాను.

పదిహేనోసారి ఆ పిల్ల నడిచి రాలేదు. పేగు లోపల ఇరుకైపోయి, మూసుకుపోయి, చిల్లు పడింది. ఆపరేషను చేశారు. తొమ్మిదో రోజు పోయింది. పదమూడేళ్ళు నిండి నెలయింది.

తర్వాత వారం వాళ్ళమ్మగారు కుట్టు గదికి వచ్చేశారు. ఇంట్లో ఉండలేనన్నారు. వరండాలో ఎదురుపడి నాతో అన్నమాట, "ప్రతిసారీ దాన్ని కూర్చోబెట్టి అడిగి, అన్నది అన్నట్టు రాసుకున్నది మీరొక్కరే మాస్టారూ." నేను తలవంచుకుని వెళ్ళిపోయాను. నా పద్ధతే అంతని ఆవిడ అనుకుని ఉంటారు.

ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. నా నోటుపుస్తకాలు తీశాను. ఆ పిల్ల ఆరోసారి వచ్చిన రోజు పేజీ దొరికింది. నా చేతిరాతే. నాకు గుర్తే లేదు. ఉన్నదున్నట్టు చదువుతాను.

"లాయరమ్మ. ఇరవై తొమ్మిది కిలోలు. నూట ఇరవై ఎనిమిదిన్నర. పర్వాలేదంది. ఫారం లాక్కుని చూసింది. ఇందులో పర్వాలేదుకు గడి లేదేంటి అంది. బాగుందిలో వేస్తాం తల్లీ అన్నాను. నేను బాగుందనలేదే అంది. రెండూ ఒకటేగా అన్నాను. ఒకటే అయితే నేను బాగుందనే అనేదాన్నిగా అంది. వాళ్ళమ్మ ఊరుకోవే, మాస్టారికి తెలియదా అని కోప్పడింది. సరే మీ ఇష్టం అని చెప్పులు వేసుకుంది. తర్వాతి పేషెంటు."

తర్వాతి పేషెంటు అని రాశాను.

పదకొండేళ్ళ పిల్ల నా తప్పు పట్టుకుని నా చేతిలో పెట్టింది. నేను దాన్ని కూడా శుభ్రంగా ఎక్కించి పేజీ తిప్పేశాను.

ఆ తర్వాత అయిదు నెలలు భోజనం వేళ ఫైళ్ళ గదిలో కూర్చుని పాత లెక్కలోని మెట్ల దారి పిల్లల్ని ఒక్కొక్కరినీ నా పుస్తకాలతో సరిచూశాను. బాగున్నారని పడ్డవాళ్ళు డెబ్భై ఒక్కమంది. అందులో నలభై ముగ్గురు తమ నోటితో బాగుందని అననేలేదు, పర్వాలేదన్నారు. ఆ నలభై ముగ్గురిలో ఇరవై తొమ్మిది మంది ఆ ఏడాదిలో రెండు సెంటీమీటర్లు కూడా ఎదగలేదు. వాళ్ళని తీసేస్తే నూటికి అరవై కాస్తా ముప్ఫై ఆరుకి దిగుతుంది. అంటే సమానం అన్న మాట నిలబడదేమో. గట్టి మందు గొప్పదని నేననడం లేదు, అది పుచ్చుకున్న పిల్లాడొకడు ఊపిరితిత్తుల జబ్బుతో ఈ వార్డులోనే పోవడం మనందరం చూశాం. ఆ మందే ముందు ఇచ్చి ఉంటే లాయరమ్మ బతికేదా అంటే నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. కానీ ఆ ప్రశ్న అడగాల్సిన రోజున నా టిక్కు అడ్డం వచ్చింది.

(పెద్ద డాక్టరుగారు లేచి ఏదో చెప్పబోయారు)

కూర్చోండి సార్. మిమ్మల్ని నేను కూర్చోమనడం ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఫారం తయారుచేసింది మేము, చూసి సంతకం పెట్టింది మేము అంటారని తెలుసు. మీరు మంచివారు, అంటారు. నా వంతు నన్ను చెప్పనివ్వండి.

లెక్క తేలాక ఆ కాగితం పట్టుకుని మీ గదికి వచ్చాను సార్, మీకు గుర్తుండదు. పోయిన ఏడాది వానల ముందు. మీరు తలెత్తి "ఏం మాస్టారూ, ఎలా ఉన్నారు?" అన్నారు. నేను "పర్వాలేదు సార్" అన్నాను. "అయితే బాగున్నట్టే" అని నవ్వి ఫోనెత్తుకున్నారు. మీ గుమ్మంలో నిలబడి ఉండగా నాకు ఆ మాటకి అర్థం తెలిసింది. నా వల్ల మీకు శ్రమ ఎందుకు, మీరు పనిలో ఉన్నారు, నేను ఓర్చుకుంటాను అని దాని అర్థం. ఆ పిల్లలందరూ ఇన్నేళ్ళూ నాతో చెప్పింది అదే. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఉద్యోగం ఇంకో ఏడాది కూడా లేదు, పరువుగా దిగిపోదామనుకున్నాను. పదకొండు నెలలు నోరు మూసుకున్నాను. మొదటిది తెలియక చేసిన తప్పు. ఈ పదకొండు నెలలూ తెలిసి చేసింది.

ఇవాళ నోరు విప్పడానికి కారణం, వచ్చేనెల మళ్ళీ లెక్క మొదలవుతోంది. ఈసారి ఇంకో మూడు ఆస్పత్రులు కలుస్తున్నాయి. మన ఫారం బాగుందని వాళ్ళూ అదే తీసుకున్నారు. అవే మూడు గడులు. నా కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి నిన్న నన్నే అడిగింది, "మాస్టారూ, పర్వాలేదంటే దేంట్లో పెట్టాలి?" అని. ఆ అమ్మాయి అడిగింది. నేను అడగలేదు.

కాబట్టి సూపరింటెండెంటుగారూ, పెద్ద డాక్టరుగారూ, నా మనవి వినండి. ఆ ఫారాన్ని అలాగే పంపకండి. పిల్ల అన్న మాట అన్నట్టు రాయడానికి ఒక గీత పెట్టించండి, పొడుగు అంకెని పైకి తెప్పించండి. ఏ మందు పడుతున్న పిల్లనైనా ఒకే మనిషి, ఒకే ప్రశ్నలతో అడగాలి, ఆ ప్రశ్నలు పోలీసక్కవి అయితే మరీ మంచిది. పాత లెక్క తప్పని అచ్చువేసినచోటే అచ్చువేయించండి, సాయం చేసినవాళ్ళలో నా పేరు ఉన్నచోట కారణం కూడా నా పేరుతోనే వెయ్యండి. నలభై ఒక్క పుస్తకాలూ పొద్దున ఫైళ్ళ గదిలో అప్పగించి రసీదు తీసుకున్నాను. నా లెక్క కూడా నమ్మకండి. తెలిసినవాళ్ళు మళ్ళీ లెక్కపెట్టండి. ఆ జ్ఞాపిక మీద మాట చెరిపించి ఇస్తే తీసుకుంటాను, లేకపోతే స్టోర్‌లో ఉంచేయండి, దానికి కోపమేమీ లేదు.

ఇన్నేళ్ళు నన్ను భరించిన అందరికీ కృతజ్ఞతలు. చదువు లేనివాణ్ణి చదువుకున్నవాళ్ళ బల్ల దగ్గర కూర్చోనిచ్చారు. మా ఆవిడకి ఈ సంగతి నిన్నటిదాకా చెప్పలేదు. చెప్పాక ఒక్కటే అడిగింది, "ఆవిడకి చెప్పారా?" అని.

చెప్పలేదు. అమ్మా, పొద్దున మీ కుట్టు గదికి వచ్చి పాప గురించి మాట్లాడవచ్చా అని అడిగాను, మీరు మిషను ఆపి సరేనన్నారు. గడి సంగతి చెప్పడానికి నోరు రాలేదు. రెండువందలమంది ముందు చదవగలిగినవాణ్ణి మీ ఒక్కరి ముందు చెప్పలేకపోయాను. ఆ రోజు మాస్టారికి తెలియదా అని మీరు దాన్ని కోప్పడ్డారు. మాస్టారికి తెలియదమ్మా. దానికే తెలుసు. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. మీరు తిట్టినా, ఏమడిగినా, ఇక్కడే నిలబడి వింటాను. ఇవాళ కాకపోతే ఇంకో రోజు, మీరెప్పుడంటే అప్పుడు మీ ఎదుటికి వస్తాను.

మిగతా అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను. మీ దగ్గర నాకై నేను తీసుకునేది కాదు. మీరు ఇస్తేనే సెలవు.